ఎత్తేది వేరు, మోసేది వేరు

"ఆమె శాంతమూర్తి. అజాతశత్రువు" అన్నాడు మైకు ముందు నిలబడ్డ పెద్దమనిషి.

పోయిన నెల మా హిందీ ఊళ్లో, తోర్వా పేటలోని తెలుగు సంఘం హాల్లో అప్ప సంతాపసభ జరిగింది. గోడకానించిన ఫొటోకి బంతిపూల దండ వేశారు. ఆ రెండు మాటలూ వినగానే నేను కుర్చీలోంచి లేచి బయటికి వచ్చేశాను. మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే ఒకావిడ, "ఏటమ్మా, కళ్లు తిరిగాయేటి?" అని అడిగింది. కళ్లు తిరగలేదు. ఒళ్లు మండింది.

అప్ప శాంతమూర్తి కాదు. ఆమె కోపం లేకుండా ఉన్న పూట నాకొక్కటీ గుర్తులేదు. అజాతశత్రువు అంతకన్నా కాదు. ఆమెను వీధిలో నిలబెట్టి అడిగినవాళ్లలో బతికున్నవాళ్లు ఆ రోజు ముందు వరసలో కూర్చుని తలలూపుతున్నారు. పోయినవాళ్లను ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి అటకెక్కించడం మనవాళ్లకు బాగా తెలుసు. అప్పను అలా మడతపెట్టనివ్వడం నాకిష్టం లేదు.

ఆమె మా పక్కింట్లో ఉండేది. శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటారు. మా వీధిలో రైల్వే తెలుగువాళ్లందరికీ, వయసుతో పనిలేకుండా, ఆమె అప్పే. ఆసుపత్రిలో నర్సు. తెల్లచీర కుచ్చిళ్లు బొడ్లోకి గట్టిగా ఎగదోపి, మగవాళ్లే తన్నలేక తంటాలు పడే పాత బరువు మోటారుసైకిలు మీద డ్యూటీకి వెళ్లేది. ఆ బండి ఆమె మొగుడిది. ఆయన ఇంకో ఆవిడతో నాగపూర్‌లో కాపురం పెట్టి, బట్టలు, బండి ఇక్కడే వదిలేశాడు. ఆ సంగతి ఆమె ముందు ఎవరైనా జాలిగా ఎత్తితే, "ఆ మనిషి ఒగ్గీసి ఎల్లినవాటిల్లో నడిసేది ఇదొక్కటే" అని బండి సీటు మీద చరిచేది. జాలి అక్కడితో ఆగిపోయేది.

ఆదివారం ఉదయం అప్ప మొగుడి ఖాకీ ప్యాంటు తొడుక్కుని వెనక వసారాలో బండి విప్పేది. నేను అప్పుడే బ్యాంకులో కొత్తగా చేరాను. సెలవురోజు ఇంట్లో పెళ్లి సంబంధాల మాటలు తప్పించుకోవడానికి గోడ దాటి అక్కడికి పోయేదాన్ని. అప్ప ఎవరినీ ఊరికే కూర్చోనిచ్చేది కాదు. "ఏటే, బొమ్మలాగ కూకున్నావు? గుడ్డ ఇలాగియ్యి" అనేది. గుడ్డ ఇస్తే, "ఇది కాదు, పొడిది" అనేది. పొడిది ఇస్తే, ముందే ఎందుకివ్వలేదని కసిరేది. అలా కసిరించుకుంటూనే గొలుసు తుడవడం, నూనె మార్చడం, చివరికి ఆ బండి నడపడం నేర్చుకున్నాను.

మొదట్లో ఆమె బండి కింద ఇటుకలు పేర్చి, వాటి మీద చెక్కముక్క పెట్టి పనిచేసేది. ఒకరోజు చెక్క చిట్లి బండి ఆమె మోకాలి మీదికి ఒరిగింది. నేనూ మా అమ్మా కలిసి లేపాం. కాలు వాచింది గాని విరగలేదు. మా అమ్మ పసుపు రాస్తుంటే, "ఇంక సాలు. లిఫ్టు కొంటాను" అంది అప్ప. అప్పటికి మా ఊళ్లో మోటారుసైకిళ్లను ఎత్తి పెట్టే లిఫ్టు పెద్ద సర్వీసు షాపుల్లో తప్ప ఎక్కడా లేదు. ఇంట్లో పెట్టుకోవడం ఎవరూ వినలేదు. వీధంతా నవ్వింది.

కొనడానికి బజారుకు వెళ్లినప్పుడు అప్ప తమ్ముడు కూడా వచ్చాడు. అతను అంతకుముందే ఎక్కడో పని మానేసి అక్క ఇంట్లో చేరాడు. నవ్వుముఖం, చేతులకు చురుకు, బుర్రకు తొందర. పనిముట్ల షాపువాడు సరుకంతా తమ్ముడికే చూపించాడు. ఇంజను కిందికి తోసి, నూనె ఒత్తిడితో ఎత్తే చిన్న జాకీ ఒకటి ముందుపెట్టి, ధర, గ్యారంటీ అన్నీ అతనికే చెప్పాడు. అప్పను చూసి, "భైయా, యే మేడమ్ కే బస్ కా నహీ హై" అన్నాడు. ఇది ఆవిడ వల్ల అయ్యే పని కాదని. తమ్ముడు అన్నీ తెలిసినవాడిలా, "అచ్ఛా, అచ్ఛా" అంటూ తలూపుతున్నాడు.

అప్ప నేలమీద కూర్చుని జాకీని తిరగేసి చూసింది. "ఇది ఇంజను కింద రెండుచోట్ల పట్టుకుంటాది. నా బండికి అక్కడ పైపు అడ్డం. ఒకవైపే ఆనుతుంది. ఒరిగిపోతే ఏటి పట్టుకోవాలి?" అని హిందీలో అడిగింది. "ఎత్తాక నూనె కారిపోతే బరువును ఏది ఆపుతుంది?" అని మళ్లీ అడిగింది.

"కొత్త మాలు, మేడమ్. కారదు."

"నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. కారదన్నవి, జారదన్నవి అన్నీ చివరికి నా దగ్గరికే వస్తాయి" అంది అప్ప.

దారిలో తమ్ముడు, జాకీ బాగానే ఉందని గొణిగాడు. అప్ప నడిరోడ్డు మీద ఆగింది. "జాకీ ఎత్తడానికిరా. మొయ్యడానికి కాదు. ఎత్తేది వేరు, మోసేది వేరు. ఆ తేడా తెలీనోడికి నా వసారాలో పనినేదు" అంది. ఆ మాట తర్వాత నేను కొన్ని వందలసార్లు విని ఉంటాను.

చివరికి లాల్‌ఖదాన్‌లో ఒక వెల్డరు చేత చేయించింది. మంచమంత పొడవు ఇనప బల్ల. కింద కత్తెరలా విచ్చుకునే కాళ్లు. మధ్యలో నూనె జాకీ. కాలితో మీట తొక్కితే బల్ల లేస్తుంది. ముందుచక్రాన్ని బిగించే కొండీ, వెనక బండి ఎక్కడానికి ఏటవాలు పలక. వీటన్నిటికన్నా ఆమె పట్టుబట్టింది ఒకదాని కోసం. కాళ్లకు రెండు పక్కలా బెజ్జాలు వేసి, బల్ల లేచాక వాటిలో బొటనవేలంత లావు కడ్డీలు దూర్చేలా ఉండాలి. వెల్డరు ఒకపక్కే బెజ్జాలు వేసి తెచ్చాడు. వెనక్కి పంపింది. అతను తిట్టుకుంటూ రెండోపక్కా వేశాడు.

లిఫ్టు రాకముందే వసారాకు సిమెంటు చేయించింది. తాపీమేస్త్రీ ఎదుటే నేలమీద గోళీ వదిలింది. అది మూలకు దొర్లింది. ఆ మూల పగలగొట్టించి మళ్లీ వేయించింది. మేస్త్రీ వెళ్తూ వెళ్తూ, ఈ ఇంట్లో మొగుడు ఎందుకు నిలవలేదో అర్థమైందన్నాడు. అప్ప వింది. "వాడూ దొర్లిపోయే రకవే" అని తలుపు వేసింది.

లిఫ్టు వాడడం ఆమెకు పూజలాంటిదని రాస్తే బాగుంటుంది గాని అది అబద్ధం. అది పోట్లాట. బండిని పలక మీదుగా తోసి ఎక్కించేది. ముందుచక్రం కొండీలో బిగించేది. హ్యాండిలుకు రెండు పక్కలా పట్టీలు లాగి కట్టేది. మీట తొక్కి నడుమంత ఎత్తుకు లేపేది. కడ్డీలు దూర్చి, జాకీని కొంచెం వదిలి, బరువంతా కడ్డీల మీదికి దిగేదాకా ఆగేది. అప్పుడు బండిని రెండు చేతులతో పట్టుకుని, పగవాణ్ణి కుదిపినట్టు కుదిపేది. "పడీదుంటే ఇప్పుడే పడు. నేను కిందకెల్లేక కాదు" అనేది. అది పడేది కాదు. అప్పుడు గాని పానా చేతిలోకి తీసుకునేది కాదు.

ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో ఒకసారి తనే చెప్పింది. గొలుసు మీద నూనె చుక్కలు వేస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది. "యార్డులోంచి సేతులు నలిగిపోయినోల్లు వొస్తారు. అందరూ ఒకే మాట. ఒక్క నిమిషం పనే కదా అనుకున్నాం సిస్టర్. ఆ ఒక్క నిమిషాన్ని నాను కట్టు కట్టీ కట్టీ సచ్చిపోతన్నాను."

అప్ప డ్యూటీలో ఉన్న పగటిపూటల్లో తమ్ముడు ఆ లిఫ్టు మీద వీధివాళ్ల బళ్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. పనితనం ఉన్నవాడే. జనం వచ్చారు. కడ్డీలు దూర్చడం, దింపడం, కుదపడం అతనికి దండగ అనిపించింది. జాకీ మీదే నిలబెట్టి చకచకా కానిచ్చేవాడు. ఒకరోజు అప్ప పెందరాళే ఇల్లు చేరి చూసింది. బల్ల పైన ఎవరిదో బండి, బల్ల కింద తమ్ముడి తల. కడ్డీలు గోడకు వేలాడుతున్నాయి.

ఆమె కేకలు వేయలేదు. అతను బయటికి వచ్చేదాకా ఆగి చెంప మీద కొట్టింది. మర్నాడు బల్లను కిందికి దింపి, గొలుసు చుట్టి తాళం వేసింది.

అప్పుడు వచ్చారు సెక్రటరీ గారు. మా తెలుగు సంఘానికి ఆయన చాలాకాలం సెక్రటరీ. తెల్ల లాల్చీ, సన్నటి గొంతు, ఎవరి గొడవలోనైనా మధ్యన కూర్చునే అలవాటు. "సిస్టరమ్మా, తమ్ముడు నాలుగు మెతుకులు సంపాదించుకుంటన్నాడు. తాళం ఇచ్చీమ్మా. ఆడకూతురివి, ఇంత పంతం బాగుండదు" అన్నారు.

"కడ్డీలు పెట్టి పని సేస్తానని ఆడు మీ ముందర ఒప్పుకోవాల. అప్పుడు ఇస్తాను" అంది అప్ప.

తమ్ముడు నవ్వి ఊరుకున్నాడు. అప్ప తాళం ఇవ్వలేదు. వీధిలో ఆడవాళ్లు కూడా, సొంత తమ్ముడి కడుపు కొట్టిందన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు సెక్రటరీ గారికి రాయగఢ్‌లో పెళ్లికి వెళ్లే పనిబడింది. ఆయన బండికి క్లచ్చు పట్టడం లేదు. ఉదయాన్నే బండి తోసుకుని అప్ప ఇంటికి వచ్చారు. అప్ప డ్యూటీలో ఉంది. లిఫ్టుకు తాళం ఉందని తమ్ముడు చెప్పాడు. సెక్రటరీ గారు పక్కనున్న రంపం చూపించి, "నాను సెప్తన్నాను కదా, కోసీ. మీ అప్పతో నాను మాటాడుకుంటాను" అన్నారు. తమ్ముడు కోశాడు. గొలుసు చివర సెక్రటరీ గారే పట్టుకున్నారు. ఇదంతా మా నాన్న చూశాడు. మా వసారాలో గెడ్డం గీసుకుంటున్నాడు. ఆ పూట అన్నం దగ్గర మాకు ఈ మాటలన్నీ చెప్పింది ఆయనే.

తొందరపని. కడ్డీలు గోడకు వేలాడుతూనే ఉన్నాయి, చెయ్యి చాపితే అందేంత దూరంలో. జాకీలో నూనె కారింది. బల్ల దిగింది. తమ్ముడి కుడిచెయ్యి కత్తెర కాళ్ల మధ్య పడింది.

అతన్ని తీసుకెళ్లింది అప్ప డ్యూటీలో ఉన్న ఆసుపత్రికే. ఆమె డాక్టరు పక్కన నిలబడి, అడిగినవన్నీ అందించిందని ఆయాలు చెప్పారు. చిటికెనవేలు, దాని పక్కవేలు పోయాయి. మిగిలినవి వంగడానికి చాలాకాలం పట్టింది.

ఇంటికి తెచ్చాక ఆమె అతనికి అన్నం కలిపి నోట్లో పెట్టేది. నేను గోడ ఇవతలనుంచి వినేదాన్ని. "తిను. నములు. కడ్డీ బరువనిపించిందేటి నీకు? నోరు తెరు. అరచెయ్యంత కడ్డీ కూడా కాదు అది. ఇంకో ముద్ద తిను." ప్రతి ముద్దకూ ఒక తిట్టు. ఒక్క పూట తప్పించలేదు. తమ్ముడు ఏడుస్తూ తినేవాడు. అయినా చూడవచ్చినవాళ్లతో మాత్రం, "అప్ప తాళం ఎయ్యకపోతే నాను నిదానంగా సేసుకునీవోణ్ణి. తొందరపడ్డం వల్లే ఇలగయ్యింది" అనేవాడు. గొలుసు ఎవరు కోయమన్నారో చెప్పేవాడు కాదు. సంఘంలో పని ఇప్పిస్తానని సెక్రటరీ గారు మాట ఇచ్చారట.

ఇక వీధి ఊరుకుంటుందా. ఆడది బండి నడిపిన ఇంట్లో ఇంతకన్నా ఏం జరుగుతుందన్నారు. ఇళ్ల మధ్య ఆ భూతం ఉండకూడదన్నారు. ఒక ఆదివారం సెక్రటరీ గారి పెద్దరికంలో అప్ప ఇంటి ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. లిఫ్టు తీసేయమని చెప్పడానికి. తన బండి కోసమే అంతా జరిగిందని ఆయన ఎక్కడా అనలేదు.

అప్ప అంతా విని లోపలికి వెళ్లింది. నన్ను పిలిచింది. మేమిద్దరం, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు పట్టి, లిఫ్టును వీధిలోకి దింపాం. ఆమె తన బండిని ఎక్కించింది. మీట తొక్కి లేపింది. కడ్డీలు దూర్చింది. బరువు వాటి మీదికి దిగింది. తర్వాత కింద కూర్చుని, పానాతో జాకీ బోల్టులు ఒక్కొక్కటే విప్పింది. జాకీని మొత్తంగా బయటికి లాగింది. బండి గాలిలో అలాగే నిలబడి ఉంది. నూనె కారుతున్న జాకీని తెచ్చి సెక్రటరీ గారి కాళ్ల దగ్గర పెట్టింది.

"ఇదండీ మీరు నమ్మింది" అంది. వెళ్లి ఆ బల్ల కింద, బండి బరువు కింద, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ఇప్పుడు సెప్పండి. ఏది తియ్యమంటారు? తియ్యబోయే ముందర, గొలుసు ఎవలు కోయించారో కూడా సెప్పండి."

తమ్ముడు కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు.

నేను ఆగలేకపోయాను. "నాన్నా, నువ్వు గెడ్డం గీసుకుంటూ చూశావు కదా" అన్నాను.

మా నాన్న నా వైపు చూసి, సెక్రటరీ గారి వైపు చూసి, "నేను అద్దంలోకి చూసుకుంటన్నానమ్మా" అన్నాడు.

కొందరు నవ్వారు. సెక్రటరీ గారు కూడా చిన్నగా నవ్వారు. గూడ్సు బండికి పచ్చజెండా ఊపి బతికిన మనిషి మా నాన్న. మైలు దూరంలో సిగ్నలు రంగు చెప్పగలడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మంచివాడే, మమ్మల్ని బాగానే పెంచాడు. కాని ఆ మాట తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ ముద్ద దిగదు. నా ముఖం చూసి అప్ప, బల్ల కిందినుంచే, "ఒగ్గీయే. నువ్వు సెప్పినావు, సాలు" అంది. నాతో ఆమె మెత్తగా మాట్లాడిన మాట నాకు గుర్తున్నంతలో అదొక్కటే.

లిఫ్టు తీసేయలేదు. తీసేయించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బదులుగా ఆమెను పేరంటాలకు పిలవడం మానేశారు. జ్వరాలొస్తే ఇంజెక్షనుకు మాత్రం ఆ తలుపే తట్టారు. ఆమె తిట్టి పొడిచేది. తమ్ముడికి సంఘంలో పని రాలేదు. అడగడానికి వెళ్తే, ఆ చేత్తో ఏం చేస్తావన్నారట.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం మేం బండి గొలుసు తుడుస్తుంటే సెక్రటరీ గారు వెనక సందులోంచి బండి తోసుకుంటూ వచ్చారు. బండి ఆగిపోయింది. దయాల్‌బంద్‌లో మెకానిక్కు షాపు మూసేశాడట. చెమట తుడుచుకుని, గొంతు తగ్గించి, "సిస్టరమ్మా, ఆ రోజు తొందర్లో గొలుసు నానే కోయించాను. నీకు తెలీంది కాదు. మనసులో పెట్టుకోకు. కాస్త ఇది సూడమ్మా" అన్నారు.

"ఇంకోపాలి సెప్పండి. గట్టిగా" అంది అప్ప.

ఆయన అటూ ఇటూ చూశారు. "ఇక్కడ ఎవలున్నారని గట్టిగా సెప్పడం?"

"అందుకే. ఎవలూ లేనికాడ సెప్తే నాకేటి? కుర్సీలేసుకుని కూకున్నారు కదా, ఆకాడ సెప్పండి. సెప్పీసి రండి. బండి నానే ఎక్కిస్తాను" అంది. మళ్లీ గొలుసు మీదికి వంగింది.

ఆయన బండి తిప్పుకుని, ఇంటి పక్కనుంచి వీధిలోకి తోసుకుంటూ వెళ్లారు. తమ్ముడు లోపలి గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "పోనీలే అప్పా. పెద్దోరు" అన్నాడు.

"పెద్దోరా? మరి పోయిన వేళ్లు ఏ సిన్నోడివిరా?" అంది అప్ప, తల ఎత్తకుండా.

తమ్ముడు గుమ్మం దిగి, చొక్కా కూడా లేకుండా వీధిలోకి వెళ్లాడు. నేను వెనకే వెళ్లాను. అతను వీధి మధ్య నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. అరవలేదు, కాని ప్రతి ఇంటికీ వినిపించేలా అన్నాడు. "గొలుసు కోయమన్నది ఈ సెక్రటరీ గారే. కోసింది నాను. కడ్డీ పెట్టనిదీ నానే. మా అప్ప వొద్దంది. మా అప్ప ముందర్నించీ వొద్దంది."

తలుపులు తెరుచుకున్నాయి. సెక్రటరీ గారు వెనక్కి తిరగలేదు. బండి తోస్తూనే ఉన్నారు. మా వసారాలో మా నాన్న కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్లాడు.

తమ్ముడు వెనక్కి వచ్చి వసారాలో కూలబడ్డాడు. అప్ప చేతులు కడుక్కుని, లోపలికి వెళ్లి టీ తెచ్చింది. అంతవరకూ అతను అన్నీ ఎడమచేత్తోనే అందుకునేవాడు. అలవాటుగా ఎడమచెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని పక్కకు తోసి, గ్లాసు కుడిచేతిలో పెట్టింది. మూడు వేళ్లతో పట్టు కుదరక గ్లాసు జారింది. టీ సిమెంటు మీద ఒలికింది. అప్ప గుడ్డ తెచ్చి తుడిచింది. మళ్లీ పోసి తెచ్చి, మళ్లీ ఆ చేతిలోనే పెట్టింది.